బస్సెక్కే ముందు ఎర్రసూది

ఆళ్లగడ్డలో గాజుల షంషున్నీసా చేతికి చెయ్యి ఇవ్వని ఆడది ఉండదంటే అతిశయం కాదు. పుట్టింది నందికొట్కూరులో. పెళ్లయి వచ్చాక అత్త దగ్గర గాజులు తొడగడం నేర్చుకుంది. అత్త నేర్పిన మొదటి పాఠం ఇది: "చెయ్యి చూడగాకు. మొగం జూడు. చేతిని నీ వేళ్లు జూసుకుంటాయి."

నొప్పి ముందు కనుబొమల్లో కనబడుతుంది. అందుకే షంషున్నీసా ఎదుటి మనిషి మొహంలోకి చూస్తూ కబుర్లలో పెట్టేది. ఆ లోపల ఆమె వేళ్లు బొటనవేలి ఎముకను పట్టుకుని, అరచేతిని మెత్తగా మడిచి, గాజును మణికట్టుకు దాటించేవి. అత్తగారి ఆగడాలు చెప్పుకోవడం మొదలుపెట్టిన కోడలు సగంలో ఉండగానే డజను పూర్తయ్యేది. చివర్లో పైసా తీసుకోకుండా కొసరు గాజు ఒకటి వేసేది, మొగుడు నూరేళ్లుండాలని. గాజులు వేయించుకున్నవాళ్లు వాటిని కళ్లకద్దుకుని ఆమెకు దండం పెట్టి వెళ్లేవాళ్లు. ఏ కులమైనా, ఏ దేవుడైనా గాజుల మనిషికి ఆ దండం మామూలే.

అలాంటి మనిషికి అరికాళ్లు మొద్దుబారడం మొదలైంది. దూది పరుపు మీద నడుస్తున్నట్టుండేది. ఒకనాడు చెప్పు ఎక్కడో జారిపోయినా తెలియక ఒంటి చెప్పుతో ఇల్లు చేరింది. గ్యాస్ స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసే మొగుడు బాబ్జాన్ అది చూసి పడిపడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. తర్వాత నవ్వడానికేమీ మిగల్లేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఎండుకారం తిని పెరిగిన నాలుక పెరుగన్నానికి మండిపోయేది. ఆ మొద్దుతనం మెల్లగా చేతివేళ్లకు పాకింది.

శ్రావణమాసంలో శిరివెళ్ల నుంచి గోవిందమ్మ వచ్చింది. పెళ్లినాటి నుంచి ఆమెకు గాజులు తొడిగింది షంషున్నీసాయే. ఎప్పటిలాగే మొహం చూసి మాట్లాడుతూ గాజు ఎక్కిస్తోంది. గోవిందమ్మ కెవ్వుమంది. చూస్తే గాజు చిట్లి ముక్క మణికట్టులో దిగింది, రక్తం కారి ఇద్దరి చీరలూ తడిశాయి. గాజు విరిగిన సంగతి షంషున్నీసా వేళ్లకు తెలియనే లేదు.

ఆ తర్వాత ఆమె మొహాలు చూడటం మానేసి చేతులు చూడసాగింది. అప్పుడు ఇంకా ఎక్కువ విరిగాయి. ఒకరోజు గాజుల దండలు మోసుకు తిరిగే మలారం గోడ మేకుకు తగిలించి, "నా చేతులు పోయినాయి" అని కూర్చుంది. అన్నం తినకపోతే మనిషి ఎన్నాళ్లు బతుకుతుందో గాని, చేతులు లేని షంషున్నీసా బతుకుతుందని బాబ్జాన్‌కు నమ్మకం కలగలేదు. నంద్యాలకు ప్రయాణం కట్టాడు.

ఇక్కడ మన వైపు ఆచారం ఒకటి చెప్పాలి. పెద్దాసుపత్రికి పోయే మనిషి బలంగా ఉండాలి. ఆసుపత్రికి పోయేది బలం లేకనే కదా అని అడక్కండి, అడిగినవాళ్లు వెర్రివాళ్లవుతారు. బస్సులో నిలబడాలి, చీటీ కోసం వరసలో నిలబడాలి, డాక్టరు ముందు కళ్లు తిరిగి పడితే పరువేం కావాలి? అందుకని ముందురోజు వీధి చివర ఫిలిప్ దగ్గర ఎర్రసూది, అంటే ఎర్రమందు ఇంజెక్షన్, వేయించుకుంటారు. ఫిలిప్ చదివిన డాక్టరు కాదు, మంచివాడు. ఆయన ఎవరికైనా 'బలానికి' వేసేది ఆ ఎర్రసూదే. బాబ్జాన్ పెళ్లాన్ని చెయ్యి పట్టి తీసుకుపోయి అది వేయించి మరీ బస్సెక్కించాడు.

నంద్యాలలో మొదటి డాక్టరు రక్తం తీయించాడు. రక్తం కాస్త తక్కువన్నాడు, ఐరన్ మాత్రలు రాశాడు. నరాలకు కావలసిన బి పన్నెండు విటమిన్ భేషుగ్గా ఉందన్నాడు. "మాంసం తినేవాళ్లకు అది తగ్గదులే" అని ఒక మాట చేర్చాడు. బాబ్జాన్ ఆ మాట పట్టుకుని వారం వారం కార్జం, అదే లివర్, తెచ్చి స్వయంగా వండి పెట్టాడు. నంద్యాల పోయొచ్చిన కొన్నాళ్లు ఆమె కాస్త తేరుకునేది, మళ్లీ జారిపోయేది. ఊరు మారితే మనసు బాగుపడిందనుకున్నారు.

కొన్ని నెలలకు మళ్లీ ఎర్రసూది, మళ్లీ బస్సు, ఇంకో డాక్టరు. ఈసారి కాగితం ఇంకా బాగుంది. "జబ్బేమీ లేదమ్మా, మనసులో దిగులు పెట్టుకోవద్దు" అని నిద్రమాత్రలు రాసిచ్చాడు.

తిరుగు బస్సులో ఆమె "ఏమయ్యా, కాగితం బాగుందంటాంది. అబద్ధం చెప్తాండేది నా ఒళ్లేమో" అంది. బాబ్జాన్ ఆమె చెయ్యి తీసి తన ఒళ్లో పెట్టుకున్నాడు. పెట్టుకున్నట్టు ఆమెకు తెలిసింది చూస్తేనే.

మూడోసారి డాక్టర్ భ్రమరాంబిక దగ్గరికి వెళ్లారు. సున్నిపెంటలో పెరిగిన పిల్ల, మాటలో ఇంకా ఆ యాస పోలేదు. కొడితే జుమ్మని మోగే ఇనుప పంగను షంషున్నీసా కాలివేలికి ఆనించింది. ఆమెకు ఏమీ తెలియలేదు. మోకాలి దాకా తెలియలేదు. కళ్లు మూసుకుని నిలబడమంటే తూలింది, డాక్టరమ్మే పట్టుకుంది. నాలుక చాపమని చూసింది. ఎర్రగా, నున్నగా ఉంది. సాయంత్రం రక్తం కాగితం వచ్చింది. బి పన్నెండు మిషను చూపించగల లెక్కకు మించిపోయింది.

డాక్టరమ్మ కాగితాన్ని, మనిషిని మార్చి మార్చి చూసింది. "ఈమధ్య సూదులేమన్నా ఏయించుకున్యావామ్మా?"

"లేదు మేడం" అంది షంషున్నీసా. నిజంగానే లేదనుకుంది. సూదంటే జబ్బుకు వేసేది.

పక్కనుంచి బాబ్జాన్ కలగజేసుకున్నాడు. "బలానికి ఏసింది గూడ చెప్పాల్నా మేడం? వచ్చేముందు మా వీధిలో ఫిలిప్ దగ్గర ఎర్రసూది ఏపిస్తా. ప్రతిసారీ. ఒక్కతూరి గూడ తప్పలే."

భ్రమరాంబిక తల పట్టుకుంది, తర్వాత నవ్వేసింది. "అది బి పన్నెండేనప్పా! కుండలో నీళ్లుండాయో లేవో చూసేముందు నువ్వే బిందెడు పోసుకోని వస్తాండావు. కాగితంలో ఉండేది నిన్న ఫిలిప్ పోసింది."

షంషున్నీసా కడుపు ఆ విటమిన్‌ను పట్టుకోలేకపోతోందని, అందుకే ఎంత కార్జం తిన్నా ఒంటికి అంటడం లేదని విడమరిచి చెప్పింది. బాబ్జాన్ మొహం నల్లబడింది. "అంటే నా చేతులారా నేనే..." అని ఆగిపోయాడు. ఏడుపొచ్చింది ఆయనకు.

"నా కోసరమే గదయ్యా ఏపించినావు" అంది షంషున్నీసా.

"ఏడవగాకన్నా. ఆ సూదులే ఈమెను కొంత నిలబెట్టినట్టుండాయి" అంది డాక్టరమ్మ. ఇంకో పరీక్షకు రక్తం తీసి బయటికి పంపించింది. ఒంటిని కాపాడే బలగమే కడుపు మీద తిరగబడిందా అని చూసే పరీక్ష అది. కొన్నాళ్లకు ఫలితం వచ్చింది: లేదు.

బాబ్జాన్‌కు సంతోషించాలో భయపడాలో అర్థం కాలేదు. "లేదని వచ్చిందే మేడం. ఇంగ వైద్యం ఏందీ?"

"ఉందని వస్తే ఉన్నట్టే. లేదని వస్తే లేనట్టు కాదు. ఈ జబ్బుండే వాళ్లలో దగ్గర దగ్గర సగం మందికి లేదనే వస్తాది. ఆ మొదటి పరీక్ష గూడ అంతే, సూది ఏయించుకోకపోయినా ఒక్కోసారి బొంకుతాది."

"మల్ల దేన్ని నమ్మాల?"

"ఆమె కాళ్లను నమ్ముతా. నాలుకను నమ్ముతా. ఆమె చెప్పేదాన్ని నమ్ముతా."

షంషున్నీసా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. జబ్బుందన్న మాట విని అంతగా సంతోషపడిన మనిషిని ఆ గది అంతకుముందు చూసి ఉండదు. తన ఒళ్లు అబద్ధాలకోరు కాదని ఒకరు చెప్పారు. అంతే ఆమెకు కావలసింది.

వైద్యం ఏమిటంటే, అదే ఎర్రసూది. అదే ఫిలిప్. మొదట రోజు విడిచి రోజు, ఆ తర్వాత రెండు నెలలకోసారి, బతికినన్నాళ్లూ.

"బతికినన్నాళ్లూనా?" అన్నాడు బాబ్జాన్.

"పండగ పండక్కీ గాజులేయించుకోరా? అట్లనే" అంది డాక్టరమ్మ.

ముందు నాలుక మంట పోయింది. ఆయాసం తగ్గింది. వేళ్లలో చీమలు పాకినట్టయి హడలిపోయింది గాని, అవి ప్రాణం తిరిగొస్తున్న నరాలని డాక్టరమ్మ ధైర్యం చెప్పింది. ఒక పొద్దున బియ్యం ఏరుతూ, కళ్లు వీధిలో ఉండగానే, వేలికి రాయి తగిలింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని పోయి స్టవ్వు విప్పుతున్న బాబ్జాన్‌కు చూపించింది. ఆయన ఆ రాయిని జేబులో వేసుకున్నాడు. అరికాళ్లు మాత్రం పూర్తిగా రాలేదు. ఆలస్యంలో పోయింది పోయిందే అంది డాక్టరమ్మ.

అయినా మలారం గోడ మీదే ఉంది. దాన్ని దించమంటే ఆమెకు గోవిందమ్మ రక్తం గుర్తొచ్చేది.

మళ్లీ శ్రావణం వచ్చింది. గోవిందమ్మ ఆటో దిగి నేరుగా లోపలికొచ్చి చాప మీద కూర్చుంది. చేతులకు ప్లాస్టిక్ గాజులున్నాయి. ఏడాదిగా ఇంకెవరికీ చెయ్యి ఇవ్వలేదట. ఆ గాజులు లాగి పక్కన పడేసి, "ఎయ్" అని చేతులు చాచింది. మణికట్టు మీద తెల్లటి మచ్చ ఉంది.

"నేను ఎయ్యలేనక్కా. భయమైతాంది."

"కోసుకునేది నా చెయ్యి. భయం నీకేందే?"

బాబ్జాన్ మలారం దించి ఇద్దరి మధ్య పెట్టాడు. మొదటి గాజు చేతినే చూస్తూ ఎక్కించింది. రెండోదీ అంతే. గోవిందమ్మ ఊరుకునే మనిషా? మొగుడు ముసలితనంలో ఫోన్లో వీడియోలు చూస్తూ పొయ్యి మీద పాలు పొంగబెట్టిన కథ ఎత్తుకుంది. గిన్నె మాడిందా, తిట్టినావా, ఆయప్ప ఏమన్నాడు అని షంషున్నీసా ఒక్కొక్కటే అడిగింది. ఇద్దరూ కళ్లనీళ్లొచ్చేలా నవ్వుకున్నారు.

"సరే గాని, ఎన్ని ఏసినావే?" అంది గోవిందమ్మ.

షంషున్నీసా తల దించి చూసింది. డజనూ ఉన్నాయి. కొసరు గాజు కూడా ఎక్కి ఉంది. ఒక్కటీ చిట్లలేదు. ఇంతసేపూ తను చూసింది గోవిందమ్మ మొహాన్నే.

గోవిందమ్మ గాజులు కళ్లకద్దుకుని దండం పెట్టబోయింది. షంషున్నీసా ఆ చెయ్యి వదల్లేదు. బొటనవేలితో మణికట్టు మీది మచ్చను తడిమింది. సన్నటి గరుకు వేలికి తెలిసింది.

"మానిందక్కా" అంది.

"నాది అప్పుడే మానిందిలే" అంది గోవిందమ్మ. "నీదే ఆలస్యమయింది."