మనుషులు లేని కచేరీ ఫోటో

మొన్నామధ్య, గోదావరి గట్టు పక్కనున్న పాత తాలూకా కచేరీని బాగుచేయిస్తున్న ఇంజనీరు మా ఇంటికి వచ్చి, వరండా మొదట్లో ఎలా ఉండేదో తెలిస్తే అచ్చం అలాగే కట్టిస్తామని, ఫోటో స్టూడియోలో పనిచేసిన మా బాబాయి తీసినవి ఏమైనా ఉన్నాయా అని అడిగాడు. ఉన్న ఒక్కటీ తీసి చేతికిచ్చాను.

"ఈ జనం అడ్డొచ్చారండి. లేకపోతే మెట్లు కూడా కనపడేవి" అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. ఆ జనం మావాళ్ళు. ముందు వరసలో చెంగు నెత్తిన కప్పుకున్నది మా నాయనమ్మ, ఆమె ఒళ్ళో ఉన్న ఐదేళ్ళ పిల్ల నేను. ఆ ఏడు వరద ఏటి మధ్య లంకలోని మా గుడిసెల్నీ వలల్నీ ఊడ్చుకుపోతే, చేపలు పట్టుకు బతికే మా పేటంతా ఇళ్ళ స్థలాల కోసం వచ్చి కచేరీ ముందు ఎర్రటి ఎండలో కూర్చుంది. నా ఈడువాళ్ళకి చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో కచేరీ మెట్లెక్కడమంటే ఎంత భయమో! దాహానికి నేను ఏడుస్తుంటే నాయనమ్మ తెగించి నన్ను వరండా నీడలోకి ఎక్కించింది. బంట్రోతు "నీచు కంపు, దిగండెహె" అని కసిరి, మేము నిలబడ్డ చోట బిందెడు నీళ్ళు కుమ్మరించాడు. ఆ నీళ్ళు మెట్ల మీదుగా జారి మట్టిలో ఇంకిపోతుంటే నేను పెదాలు నాక్కుంటూ చూశాను. పత్రికలో వేయిస్తానని బాబాయి తీసిన ఫోటోను ఏ పత్రికా వేయలేదు, స్థలాలూ రాలేదు. నాయనమ్మ గట్టు మీద తాటాకు పాకలోనే పోయింది.

ఇదంతా విని ఇంజనీరు తలూపాడు. "మాకు బిల్డింగ్ ఒక్కటే కావాలండి. మనుషుల్ని కంప్యూటర్లో తీసేస్తాం."

"తీసేయడానికి వాళ్ళేమైనా మరకలా?" అని ఫోటో లాక్కున్నాను. అప్పటికే సెల్‌ఫోన్‌లో ఎక్కించుకున్నాడని తరవాత తెలిసింది.

ప్రారంభోత్సవానికి పిలవకపోయినా వెళ్ళాను. కొత్త వరండా గోడకు తలుపంత ఫోటో. అందులో కచేరీ ముందు నున్నటి ఖాళీ నేల. అసలు ఫోటో తీసుకెళ్ళి పెద్ద అధికారి ముందు పెట్టి, దీన్నే గోడకు పెట్టమని అడిగాను. కుర్చీ వేయించాడు, అమ్మగారూ అన్నాడు, "తప్పకుండా చూద్దామండి" అని నవ్వుతూ సాగనంపాడు. ఇంతవరకూ ఏమీ చూడలేదు.

రోజులు మారాయంటారు, మర్యాదలు పెరిగాయంటారు, నిజమే. ఆనాడు ఆ బంట్రోతును చచ్చేటంత అసహ్యించుకున్నాను గానీ, ఈమధ్య ఎందుకో అనిపిస్తోంది, కసిరినవాడికి కనీసం మేము కనపడ్డాం.