అత్తమ్మ చూడని సినిమాలు

మా ఇంట్లో సినిమాల మీద తీర్పు చెప్పేది మా అత్తమ్మ. ఆమె సినిమా చూసి నలభై ఏళ్ళు దాటింది.

నమ్మరు గానీ నిజం. పెళ్ళికి ముందు ఆమెకు సినిమా అంటే ప్రాణం. కల్హేర్ దగ్గర వాళ్ళ ఊరి నుంచి వాళ్ళ నాయనతో బండి కట్టించుకుని నారాయణఖేడ్ వచ్చి, మధ్యాహ్నం ఆట చూసి, తనివితీరక అదే సినిమా సాయంత్రం ఆట కూడా చూసిపోయిన మనిషి. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక ఒక ఎండాకాలంలో ఇద్దరికీ ఒకేసారి జ్వరం తగులుకుంది. ఈమె చర్చికి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లలిద్దర్నీ బతికిస్తే జన్మలో సినిమా చూడనని ఒట్టు పెట్టుకుంది. చిన్నవాడు బతికాడు. ఆయనే నా భర్త. పెద్దది, ఆరేళ్ళ ఆడపిల్ల, పోయింది.

ఈ సంగతి పెళ్ళయిన కొత్తలో ఆయనే నాకు చెప్పాడు. "అమ్మ ముందట గా ముచ్చట తియ్యకు" అని కూడా అన్నాడు. నేను తీయలేదు. అడిగినదాంట్లో సగమే దక్కినా ఆమె మాత్రం ఒట్టు మొత్తం నిలబెట్టుకుంది. టీవీలో సినిమా పాట వచ్చిందంటే ముఖం గోడవైపు తిప్పేస్తుంది. చెవులు మాత్రం ఇటే ఉంటాయి. అదేమిటని ఒకసారి ఆటపట్టిస్తే, "సూడనన్న గాని, ఇననన్ననా?" అని నా నోరు మూయించింది.

అలా నాకు సినిమా కథలు చెప్పే ఈ ఉద్యోగం వచ్చింది. నేను ఇంట్లోనే జాకెట్లు కుడతాను. శుక్రవారం కొత్త సినిమా పడితే శనివారం మధ్యాహ్నం ఆటకు ఒక్కదాన్నే పోతాను. "ఒక్కదానివే సినిమాకు పోవుడేంది?" అని సందులో ఒకామె అడిగితే, "నీ జాకెట్ ఇంకో వారం ఆగుతది" అన్నాను. తర్వాత ఎవరూ అడగలేదు. ఇంటికి వచ్చాక అత్తమ్మ చాటలో కందులు పోసుకుని కూర్చుంటుంది, ఎదురుగా నేను కూర్చుంటాను. రాళ్ళూ పుచ్చులూ ఏరుతూ కథ చెప్పాలి. తెర మీద పేర్లు పడ్డ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. ఒక్క పాట దాటేసినా ఊరుకోదు.

ఈ మధ్య వచ్చే పెద్ద సినిమాలంటే నాకు ఒళ్ళు మంట. హీరోకు గడ్డం, చేతిలో గొడ్డలి, వెనకాల పొగ. మూడు గంటలు నరికిందే నరికి, ఆఖరికి మిగతా కథ రెండో భాగంలో చూడమంటారు. మొన్న అలాంటిదొకటి చూసి వచ్చి చెబితే అత్తమ్మ చాట కింద పెట్టేసింది. "సగం జాకెట్ కుట్టి, తక్కింది మల్లేడాదికిస్తనంటే నిన్ను ఊకుంటరా?" అంది. ఇంకో సినిమాలో హీరోయిన్ డాక్టర్. ఆమె ఏం చేస్తుందని అడిగింది. నాలుగు పాటలకు వస్తుందన్నాను. "గంత సదివిపిచ్చింది గిందుకా? వాళ్ళ నాయన ఏమనలేదా?" అని ఆ లేని నాయన తరఫున సాయంత్రం దాకా బాధపడింది.

చిన్న సినిమా ఒకటి వచ్చింది, బస్సు కండక్టరమ్మ కథ. పెద్ద హీరో లేడు. మా థియేటర్లో మూడు రోజులు కూడా ఆడలేదు. నేను పోయిన ఆటలో పట్టుమని పదిమంది లేరు. అత్తమ్మ కథంతా విని ఒకటే అడిగింది.

"టికెట్ చింపేటప్పుడు ఆమె ఏలు తడి జేస్కున్నదా?"

గుర్తు చేసుకున్నాను. నిజమే, నాలుక్కి వేలు అద్దుకుని చింపింది.

"అయితె ఈసారి అవార్డు గామెకే" అని తేల్చేసింది. అవార్డులిచ్చే పెద్దమనుషులు ఇంత శ్రద్ధగా చూస్తారో లేదో నాకైతే అనుమానమే.

ఇక నా తప్పు చెప్పాలి. పెళ్ళయిన రెండో ఏడు ఒక సినిమాలో చిన్న పిల్ల చనిపోతుంది. కథ చెబుతూ అక్కడిదాకా వచ్చాను. ఎదురుగా కందులు ఏరుతున్న ఆ చేతుల్ని చూశాను. "పిల్లను దవాఖానకు తీస్కపోయిండ్రు అత్తమ్మా, మంచిగైంది" అనేశాను. ఆమె "అమ్మయ్య" అంది. అంతే, అదే అలవాటైపోయింది. ఇరవై ఏళ్ళలో నేను చెప్పిన ఏ సినిమాలోనూ పిల్లలు చావలేదు. డైరెక్టర్లు చంపుతూనే ఉన్నారు, నేను బతికిస్తూనే ఉన్నాను. పైగా మంచిపని చేస్తున్నానని నాకు లోపల గర్వం కూడా.

ఈ ఏడాది అవార్డు వస్తుందని అందరూ అన్న సినిమా ఒకటుంది. అలాంటివి నారాయణఖేడ్ దాకా ఎక్కడొస్తాయి? ఫోన్‌లో చూశాను, కుట్టుమిషన్ పక్కన ఆనించుకుని. ఇటుక బట్టీలో పనిచేసే తల్లి, ఏడేళ్ళ కూతురు. పిల్లకు జ్వరం. పిల్ల చనిపోతుంది. చివర్లో తల్లి బట్టీ ముందు కూర్చుని ఉంటుంది, ఒక్క మాట మాట్లాడదు. ఎవరిదో పెళ్ళి జాకెట్ మీద నా కన్నీళ్ళు పడ్డాయి. అయినా సాయంత్రం అత్తమ్మకు మాత్రం జ్వరం తగ్గిందనే చెప్పాను.

ఆమెకు కథ నచ్చలేదు. "పిల్ల మంచిగైతే ఆఖర్ల తల్లి గట్ల మాట్లాడకుంట ఎందుకు కూసున్నదే?"

"అలిసిపోయింది అత్తమ్మా."

"ఎవ్వరికేం కాకపాయె. గీ సినిమాకు అవార్డేంది?"

నాకు రోషం వచ్చింది. అంత మంచి సినిమాను అంటుందా అని. "వస్తది సూడు" అని వాదించాను. ఆ సినిమాను పాడుచేసింది నేనేనని అప్పుడు గుర్తు రాలేదు.

అవార్డులు ప్రకటించిన రోజు సాయంత్రం టీవీలో వార్తలు వస్తున్నాయి. ఆ సినిమా ముక్క చూపించబోతున్నారని తెలిసి అత్తమ్మ ఎప్పటిలాగే గోడవైపు తిరిగింది. వార్తలు చదివే అమ్మాయి, కూతురిగా వేసిన పాపకు బాలనటి అవార్డు వచ్చిందని చెప్పింది. చనిపోయే ఘట్టంలో ఆ పాప అందర్నీ ఏడిపించిందని కూడా చెప్పింది.

నేను రిమోట్ కోసం వెతికాను. అప్పటికే ఆలస్యమైపోయింది. అత్తమ్మ టీవీ వైపు చూడకుండా, నా వైపే తిరిగింది.

"సచ్చిపోయిందా పిల్ల?"

తల ఊపాను.

"గిదొక్కటేనా? అన్నిట్ల గిట్లనే జెప్పినవా?"

"పిల్లలు పోయేటియి అన్ని" అన్నాను. ఆమె లేచి లోపలికి పోయింది.

తర్వాతి శనివారం సినిమాకు పోయి వచ్చాను. ఏం సినిమా అని అత్తమ్మ అడగలేదు. కందులు ఒక్కతే ఏరుకుంది. అన్నం పెడితే తిన్నది, పిలిస్తే పలికింది, సినిమా మాట మాత్రం ఎత్తలేదు. మొదట నాకు కోపం వచ్చింది, ఎవరి కోసం చేశానని. తర్వాత నేను చేసిందేమిటో అర్థమైంది. ఒట్టు పెట్టుకున్నాక ఆమెకు సినిమా అంటే మిగిలింది నా నోరే. ఇరవై ఏళ్ళు దాన్ని నమ్మింది. ఇప్పుడు ఆ నమ్మకం పోతే, ఆమెకు సినిమా కూడా పోయినట్టే. పిల్లల కోసం ఒకసారి వదులుకున్నదాన్ని నా మూలంగా మళ్ళీ వదులుకోవాలి. నాకు ఏడుపొచ్చింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక నేనే చాట తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. అడగకపోయినా ఇటుక బట్టీ సినిమా మొదలుపెట్టాను, పేర్లు పడ్డ దగ్గర్నుంచి. ఈసారి ఏదీ మార్చలేదు. పిల్ల నీళ్ళు అడిగింది, తల్లి తేవడానికి పోయింది, తెచ్చేలోపల పిల్ల పోయింది. అంతా చెప్పాను. అత్తమ్మ చేతులు ఆగిపోయాయి. తల్లి బట్టీ ముందు కూర్చుందని చెప్పి ఆపాను.

"తర్వాత?"

"అయిపోయింది. పేర్లు పడ్డయి."

"తల్లి ఏం జేసింది?"

"కూసున్నది అత్తమ్మా. గంతే జూపిచ్చిండ్రు."

ఆమె ఒళ్ళోని చాట పక్కన పెట్టింది. "నాకెందుకు జెప్పకపోతివే ఇన్నేండ్లు?"

"నువ్వు తట్టుకోవని."

"నేను తట్టుకోనా?" అంది. గొంతు పెద్దదైంది. "నేను తట్టుకున్నంకనే గదనే, నువ్వు గీ ఇంటికి కోడలొచ్చింది!"

ఆమె నా చేయి పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల గురించి ఆమె నోటి నుంచి వినడం నాకు అదే మొదలు.

"బిడ్డను మట్టిల వెట్టి ఇంటికొచ్చినం. నేను గోడకానుకోని కూసున్న. నీ మొగడు గప్పుడే జరం దిగి లేసిండు. అమ్మా ఆకలైతుందన్నడు. లేసి పొయ్యి ఎలిగిచ్చిన. రొట్టె కొడుతుంటే అక్కేదని అడిగిండు. గా రొట్టె మాడిపోయింది. ఇంకోటి జేసి వెట్టిన."

ఇద్దరం ఏడ్చాం. తర్వాత ఆమె కొంగుతో నా ముఖం తుడిచి, తన ముఖం తుడుచుకుని, చాటను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది.

"గా సినిమాల గది లేదు" అంది. "కూసున్నకాడనే ఆపిండ్రు, వాళ్ళకు తెల్వదు. అవార్డు పిల్లకిచ్చిండ్రు, మంచిదే గాని, తల్లికియ్యాలె బిడ్డా. తల్లికింక తెల్లారి లేసుడున్నది."