తెరుచుకునే కిటికీ

ఇరవై ఏళ్ల కిందట ఈ చలిదేశం వచ్చి మౌంట్ ఆల్బర్ట్‌లో మేం కొనుక్కున్న పాత ఇంట్లో, చలికాలం పొద్దున్నే నా మొదటి పని కిటికీ అద్దాలకు లోపలివైపు చెమ్మ పట్టి కారే నీళ్లను తువ్వాళ్లతో తుడవడం. హీటర్ రోజంతా వేసి ఉంచినా, వేడంతా ఆ పల్చటి అద్దాల్లోంచి బయటికే పోయేది.

"ఇంకో స్వెట్టర్ వేసుకోమ్మా, ఇక్కడ అందరూ అంతే," అన్నారు మా చర్చి అంకుల్ ఒకాయన. నా ఇంట్లో నేను రెండు స్వెట్టర్లు తొడుక్కుని అన్నం వండనని చెప్పి, రెండు పొరల అద్దాల కిటికీలు బిగించే మనిషిని పిలిపించాను.

పిలిచింది నేను. కొలతలు రాసిపెట్టింది నేను. అతను మాత్రం మా వంటింట్లో నిలబడి మావారి వైపే చూస్తూ మాట్లాడాడు.

"వంటింటికి తెరవడానికి వీల్లేని అద్దం బిగిద్దాం. వేడి ఇంకా బాగా నిలుస్తుంది, చవక కూడా."

మావారు తలూపేశారు. నాకు ఒళ్లు మండింది.

"వంటింటి కిటికీ తెరుచుకోవాల్సిందే," అన్నాను.

"చలికాలంలో ఎవరు తెరుస్తారండీ?" అని మళ్లీ మావారినే అడిగాడు.

నేను మూకుడు పొయ్యి మీద పెట్టాను. పప్పు పోపులోకి నాలుగు ఎండుమిరపకాయలు చాలు. ఆ రోజు కాగిన నూనెలో గుప్పెడు వేశాను. ఘాటుకి ఇద్దరూ దగ్గు అందుకున్నారు. అతను కళ్లనీళ్లతో తడుముకుంటూ వెళ్లి కిటికీ బార్లా తెరిచి, తల బయటపెట్టాడు.

ఊపిరి తిరిగాక మొదటిసారి నా వైపు చూశాడు.

"ఎవరు తెరుస్తారని అడిగారుగా," అన్నాను. "మీరే."