ఆరలేదన్న మేస్త్రి

సోమవారం ఉదయం పదిన్నరకు ఆ కబురు వచ్చింది. హైటెక్ సిటీలో ఒక ఆఫీసు కింద, ఉద్యోగులను దింపేసి, నేను నడిపే క్యాబ్‌లోనే కూర్చుని, వచ్చే ఆదివారం బోధకు వాక్యం చదువుకుంటున్నాను. మా సంఘం సహోదరుడొకరు ఫోన్ చేశారు.

"బ్రదర్, మన ఆరలేదు మేస్త్రి పోయిండు. దవాఖానలనే. పొద్దుగాల ఏడింటికంట."

చావు కబురు వినగానే నా నోటికి ప్రార్థన దానంతటదే వస్తుంది. ఆ రోజు రాలేదు. మనిషి పోయాడన్న బాధ కంటే ముందు ఆ పేరు వచ్చి తగిలింది. అది ఆయన తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. నేను పెట్టింది. వేదిక మీద నిలబడి, మైకులో, చేతిలో గ్రంథం పట్టుకుని పెట్టాను.

ఈ చిన్న పత్రిక చదివేవారిలో చాలామంది లింగంపల్లిలో మా చెక్క మందిరం చూసే ఉంటారు. అది మాకు ఎలా వచ్చిందో కొందరికే తెలుసు. స్థలం కిరాయిది. ఇటుక పెట్టకూడదని యజమాని షరతు. రేకుల షెడ్డు కింద ఉడికిపోతూ ఆరాధించుకునేవాళ్లం. అప్పుడు మేస్త్రి నార్సింగిలో విల్లాలకు రంగులు వేస్తున్నారు. కొనేవాళ్లకు నమూనాగా చూపించడానికి అక్కడ ఒక చెక్క ఇల్లు కట్టారు. అమ్మకాలు అయిపోయి దాన్ని ఊడదీస్తుంటే, ఈయన వెళ్లి కంట్రాక్టరును అడిగారు. "పారేసేటియే అయితే మాకియ్యి సార్, మా ప్రార్థనకు పనికొస్తయి" అన్నారట. అంతే, పలకలు లారీలో వచ్చాయి. ఒకదాని అంచు మీద ఇంకొకటి ఎక్కేలా బిగించే పైన్ పలకలు. ఆ మందిరం కోసం నేను ఉపవాసాలు ఉన్నాను. అడిగి తెచ్చింది ఆయన.

పచ్చి చెక్కను అలాగే వదిలేస్తే రెండు వానాకాలాల్లో నల్లబడి పుచ్చిపోతుంది. అందుకని చెక్కలోకి ఇంకే నూనె రంగు వేయాలి. పనివాళ్లు దాన్ని స్టెయిన్ అంటారు. అది కొట్టే మిషన్ కోసం ఇద్దరం స్టేషన్ దగ్గర ఒక హార్డ్‌వేర్ షాపుకి వెళ్లాం. సేటు మూడు మిషన్లు తెచ్చి ముందు పెట్టాడు. నేను చూడగానే పెద్దదాని మీద చెయ్యి వేశాను. మేస్త్రి మాత్రం నేల మీద గొంతుక్కూర్చుని ఒక్కొక్కటీ తిప్పి చూడటం మొదలుపెట్టారు.

మొదటిది కంప్రెషర్‌కు తగిలించే గన్, దానికి ఒక చిన్న కప్పు. "ఇది సోఫాలకు, తలుపులకు. పొగలెక్క కొడతది. రూముల పెడితే మంచిగుంటది. బయట పెడితే సగం రంగు గాలే తాగుతది."

రెండోది చేతిలో ఇమిడేంత చిన్నది, వెచ్చటి గాలితో రంగును తోసేది. "ఇది కిటికీలకు. గోడకు పెడితే క్రిస్మస్ దాక కొట్టుకుంటనే ఉంటం."

మూడోది నేను చెయ్యి వేసినది. బకెట్‌లో గొట్టం పెడితే గాలి లేకుండా వట్టి ఒత్తిడితోనే రంగును చిమ్ముతుంది. "ఇదే తీస్కుందాం బ్రదర్. కని దీని మూతికున్న నాజిల్ మార్చాలె. ఇది సిమెంటు గోడల నాజిల్. పల్చటి స్టెయిన్‌కు సన్నది కావాలె, ప్రెషర్ తక్కువ పెట్టాలె. ఒకలు కొట్టుకుంట పోతుంటే ఇంకొకలు ఎంబడే బ్రష్‌తోని రుద్దుకుంట రావాలె."

"మిషన్ తీసుకున్నాక మళ్లీ బ్రష్ ఎందుకండీ మేస్త్రీ?" అన్నాను.

"మిషన్ పైన పెడతది. లోపటికి పంపేది బ్రష్షే. చెక్క తాగాలె బ్రదర్, పూసుకుంటే కాదు."

సేటు నవ్వాడు. "ఈయన మాట వింటే నా మిషన్లు అమ్ముడుపోవు."

"బ్రష్‌లు పోతయి కదా సేటు, ఫికర్ చెయ్యకు" అన్నారు మేస్త్రి లేస్తూ.

ఆయన పని చూడటం నాకు అప్పట్లో విసుగు. ఇప్పుడు తలచుకుంటుంటే ఒక్కొక్కటీ కళ్లకు కడుతోంది. గన్ నొక్కే ముందు గేటుకు ఒక గుడ్డ పీలిక కట్టి, గాలి ఎటు పోతోందో చూసేవారు. పక్క ఖాళీ స్థలంలో ఆఫీసులవాళ్ల కార్లు ఆగి ఉంటాయి. పీలిక అటు ఊగిందంటే ఆ పూట పని లేదు. తర్వాత ఒక అట్ట ముక్క మీద కొట్టి చూసేవారు. రంగు అంచులు సమానంగా పడకుండా తోకల్లాగా సాగితే ఒత్తిడి సరిచేసి, మళ్లీ ఇంకో అట్ట. అట్టలన్నీ అయ్యాక గోడ. ఎంతసేపు కొట్టారో ఇంచుమించు అంతసేపు నాజిల్ కడిగేవారు.

నేను ఊరుకోలేక ఒకసారి, "మేస్త్రీ, జలప్రళయం నాటి ఆ ఓడకు లోపలా బయటా తారులాంటి కీలు పూసినప్పుడు ఇన్ని అట్టలు వాడి ఉంటారంటారా?" అన్నాను.

ఆయన బ్రష్ ఆపకుండానే అడిగారు. "ఓడ కట్టినాయన పేరు గ్రంథంల ఉన్నది కదా. కీలు పూసినోళ్ల పేర్లు ఉన్నయా బ్రదర్?"

"లేవండి."

"అయితే నాకు అంత తొందరేం లేదు."

మూడు గోడలు ఆ పద్ధతిలోనే అయ్యాయి. గేటుకు ఎదురుగా ఉన్న ముందుగోడ మిగిలింది. శుక్రవారం నుంచి మూడు రోజుల ప్రార్థన కూటాలు. బయటి సంఘాల నుంచి పెద్దలు వస్తున్నారు. ముందుగోడ కడిగి ఆరబెట్టిన మర్నాడు, మంగళవారం, తొలకరి వాన కొట్టింది. బుధవారం పొద్దున మేస్త్రి పలక మీద అరచెయ్యి ఆనించి తల అడ్డంగా ఊపారు.

"ఆరలేదు బ్రదర్. నాలుగు దినాలు ఎండ కావాలె. కూటాలకు గిట్లనే ఉండనియ్యి."

"వచ్చేవాళ్లు ముందు చూసేది ఈ గోడనేనండీ. పచ్చి చెక్క చూపిస్తామా?"

"పచ్చిచెక్క అని చెప్తే ఏమైతది? అబద్ధం కాదు కదా."

నాకు కోపం వచ్చింది. నేను ఆత్మలో మండే మనిషినని పేరు. ఆ మంటలో ఎంత దేవుడిదో, ఎంత నాదో వేరు చేసి చూసుకునే అలవాటు నాకు లేదు. ఆయన నార్సింగి పనికి వెళ్లాక, ఇద్దరు సహోదరులను పిలిచి మిషన్ బయటికి తీయించాను. సన్న నాజిల్‌తో జాగైపోతోందని సిమెంటు గోడలకు వాడే పెద్ద నాజిల్ బిగించాను. ఒత్తిడి మొత్తం తిప్పాను. గంటన్నరలో గోడ పూర్తయింది. బ్రష్ ముట్టలేదు. సాయంత్రపు ఎండలో ఆ గోడ కొత్త బీరువాలా మెరిసింది. పక్కింటివాళ్ల స్కూటరు మీద ఎర్రమట్టి రంగు చుక్కలు పడ్డాయని, మేస్త్రి మర్నాడు ఆ ఇంటివాళ్లను బతిమాలుకుని తుడిచి వచ్చారని నాకు చాలా రోజులకు గాని తెలియలేదు.

శుక్రవారం మందిరం నిండింది. వచ్చిన ప్రతివారూ గోడను మెచ్చుకున్నారు. ఆ మెప్పు నా తలకెక్కింది. విశ్వాసం గురించి మాట్లాడుతున్నాను. మైకు చేతిలో ఉంది. ఆ ముక్క ముందుగా అనుకున్నది కాదు.

"మన మధ్య ఒకరున్నారు. చేతికి మిషన్ ఇచ్చినా బ్రష్ వదలరు. దేవుడు వేగంగా పని జరిగిస్తుంటే, ఆరలేదు బ్రదర్, ఆరలేదు అంటారు. అది జాగ్రత్త కాదండీ. అవిశ్వాసం."

మందిరమంతా నవ్వింది. తలలన్నీ ఆయన వైపు తిరిగాయి. ఆయన కూడా చాప మీద తల వంచుకుని కొంచెం నవ్వారు. స్త్రీల వైపు కూర్చున్న ఆయన భార్య, నేను అక్కా అని పిలిచే మనిషి, నవ్వలేదు. నన్నే చూస్తూ ఉంది.

ఆ రోజు నుంచి ఆయన ఆరలేదు మేస్త్రి అయ్యారు. మొదట మా సంఘంలో, తర్వాత కూలీలు పనికోసం నిలబడే లింగంపల్లి అడ్డా మీద, తర్వాత నార్సింగి సైట్లలో. "ఏంది ఆరలేదు మేస్త్రి, ఎండిందా, ఇంకా చూడమంటవా?" అని కుర్చీలో కూర్చునే సూపర్‌వైజర్లు కూడా అనేవారట. ముప్పై ఏళ్లు రంగుల పనిలో ఉన్న మనిషికి ఆ మాట ఎగతాళి ఒక్కటే కాదు. నల్లగండ్లలో ఒక పెద్ద అపార్ట్‌మెంట్ పని, ఈయన నిదానమని ఇంకొకరికి ఇచ్చారని తర్వాత విన్నాను. ఆయన ఎప్పుడూ నాతో అనలేదు.

వానాకాలం సగమయ్యేసరికి ముందుగోడ పొట్టు లేవడం మొదలైంది. తడి చెక్క మీద మందంగా పడ్డ రంగు లోపలికి ఇంకలేదు. పైన ఒక చర్మంలా నిలిచి, అడుగున చెమ్మ చేరి, ఎండకు కమిలిన వీపులా ఊడింది. ఆయన చేసిన మూడు గోడలకు ఏమీ కాలేదు. మందిరం చుట్టూ ఒక్కసారి తిరిగితే ఎవరు చెప్పింది నిజమో ఎవరికైనా కనిపిస్తుంది. ఎవరూ అనలేదు. బోధకుణ్ణి ఎవరంటారు?

వానలు తగ్గాక ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక బయటికి వస్తే, మేస్త్రి నిచ్చెన కింది మెట్టు మీద కూర్చుని ఉప్పుకాగితంతో ఒక పలక రుద్దుతున్నారు.

"ఏం చేస్తున్నారు మేస్త్రీ?"

"చర్మం తీస్తున్న బ్రదర్. లోపట చెక్క మంచిగనే ఉంది. దానికేం కాలే."

అది నాకు దొరికిన మొదటి అవకాశం. తప్పు నాది అనడానికి రెండు మాటలు చాలు. నా చేతిలో నీళ్ల సీసా ఉంది, అది ఆయనకిచ్చి, "మీ కష్టం దేవుడు చూస్తున్నాడండీ" అని వచ్చేశాను. నేను అనాల్సిన మాటను దేవుడి మీదికి నెట్టేశాను.

ఆరు రోజులు సైట్లలో పని చేసి, ఏడో రోజు ఆయన నా తప్పును రుద్దేవారు. ఆదివారానికి ఒక పలక, ఓపిక ఉంటే రెండు. రుద్దడం, ఆరనివ్వడం, పూయడం, బ్రష్‌తో లోపలికి పంపడం. ప్రతి ఆదివారం అనుకునేవాణ్ణి, ఈరోజు చెప్తాను అని. అందరి ముందు అన్న మాటను అందరి ముందే వెనక్కి తీసుకోవాలి. చాటుగా చెబితే చెల్లదని నాకు తెలుసు. అర్పణ పట్టుకుని వచ్చినవాడు దాన్ని అక్కడే వదిలి, ముందు తాను నొప్పించిన సహోదరుడి దగ్గరికి వెళ్లాలని ఎన్నిసార్లు గొంతు చించుకుని బోధించానో లెక్క లేదు. వారం వారం అర్పణ సంచీ నా ముందే తిరిగేది. ఆయన పది అడుగుల దూరంలో కూర్చునేవారు. మందిరం ప్రతిష్ఠ వార్షికోత్సవం వస్తోంది, ఆ రోజు శాలువా కప్పి చెబితే బాగుంటుంది అనుకున్నాను. శాలువా ఎందుకు? నా క్షమాపణ కూడా నాకు మెప్పు తేవాలి కాబట్టి.

ఎండలు ముదిరాక ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. దవాఖానకు వెళ్లాను. మనిషి చిక్కిపోయారు. నన్ను చూడగానే అడిగింది గోడ గురించే.

"పైన నాలుగు పలకలు మిగిలినయి బ్రదర్. జర ఎండలు తగ్గనియ్యి, వచ్చి చేస్త. ఆలోపల ఎవరితోని చేపియ్యకు."

"మీరే చేద్దురు గానీ లెండి."

అక్క మంచం పక్కనే నిలబడి ఉంది. నేను కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థించాను. వైద్యుల కోసం, మందుల కోసం, ఆ వార్డులో ఉన్న అందరి కోసం అడిగాను. పక్క మంచం మీదివాళ్లు కూడా ఆమేన్ అన్నారు. కళ్లు తెరిచి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడే ధైర్యం లేక అంత పొడుగు ప్రార్థన చేశానని ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. బహుశా ఆయనకు కూడా తెలుసేమో. "మంచిగ చేసినవ్ బ్రదర్, ఇగ పో, డ్యూటీకి ఆలస్యమైతది" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. ఐదో రోజున ఫోన్ వచ్చింది.

సమాధి చేసిన తర్వాతి ఆదివారం, సాక్ష్యాల సమయంలో, నేను వేదిక దిగి కింద చాపల మధ్య నిలబడ్డాను. మా దగ్గర సాక్ష్యం చెప్పేవారు నిలబడే చోటు అదే. ఇన్నేళ్లలో నేను అక్కడ ఎప్పుడూ నిలబడలేదు. మైకు తీసుకోలేదు. ఆ శుక్రవారం నేను అన్న మాటలన్నీ మళ్లీ అక్షరం పొల్లుపోకుండా చెప్పాను. గోడ పాడుచేసింది నేనని, ఆయన చెప్పిందే నిజమని, అవిశ్వాసం నాదేనని, ఆ పేరు ఇక ఎవరూ పలకవద్దని చెప్పాను.

"ఆమేన్" అంది మందిరం ఒక్క గొంతుతో. ఏం చెప్పినా అలాగే అంటారు. నేనే అలా అలవాటు చేశాను.

అక్క అనలేదు. కూర్చున్నచోటు నుంచే, గొంతు పెంచకుండా మాట్లాడింది. "ఆయన ఉన్నప్పుడు ఈ మాట చెప్తే, ఆ ఒక్క ఆదివారం ఇంటికి నవ్వుకుంట వచ్చేటోడు బ్రదర్."

ఒక పెద్దాయన లేచి, పైన మిగిలిన నాలుగు పలకలు మిషన్ పెట్టి ఈ వారమే పూర్తి చేయిద్దామని అన్నారు. అక్క వద్దంది. "అవి అట్లనే ఉండనియ్యిరి."

ఆరాధన ముగిసి అందరం బయటికి వచ్చాం. ముందుగోడ పొడవునా చెప్పుల వరుస. గాలి వీస్తోంది. పైన ఆ నాలుగు పలకల నుంచి నేను కొట్టిన రంగు చిన్న చిన్న పెంకులుగా రాలి చెప్పుల్లో పడింది. ఒక్కొక్కరే వంగి, చెప్పులు తిరగేసి దులుపుకుని, పైకి చూడకుండా గేటు వైపు నడుస్తున్నారు. అక్క మాత్రం తన చెప్పులు రెండూ ఒకదానికొకటి తట్టి, తలెత్తి ఆ పలకలను చూసి, తర్వాత వంగి ఇంకొకరి చెప్పులు తీసి దులిపింది. అవి నావి. నా ముందు నేల మీద పెట్టి వెళ్లిపోయింది.