కోట మైసమ్మను లేపిన ఆదివారం

మా ఊరి బురుజు చుట్టూ అద్దాల ఆఫీసులు లేచాక అది చాలా పొట్టిగా కనిపించేది. కానీ దోపిడీ దండులు ఊళ్ల మీద పడిన రోజుల్లో మా తాత దాని మీదే కాపలా కాశాడు. దూరాన దుమ్ము లేస్తే డప్పు మోగేది. ఆడవాళ్లు, పిల్లలు, గొడ్లు ఊరిగోడ లోపలికి చేరేవారు. మగవాళ్లు పైకెక్కి వడిసెలతో రాళ్లు విసిరేవారు. గోడ ఎప్పుడో పోయింది. నేను పుట్టేసరికి తుపాకి కన్నాల్లో చిలకలు కాపురముండేవి.

బురుజు మిగలడానికి కారణం దాని మొదట్లో ఉన్న కోట మైసమ్మ. అమ్మ ఉన్నంతకాలం ఆ రాళ్ల మీద ఎవరూ గడ్డపార వేయరు. ఆమెను కదిలించాలంటే మా ఇంటి పెద్ద కొబ్బరికాయ కొట్టి "తల్లీ, లే" అనాలి. అన్నయ్య పోయాక ఆ పెద్దను నేనే.

బాలానగర్ ఫ్యాక్టరీలో రిటైరై ప్రగతి నగర్‌లో ఉంటున్నాను. మొన్న ఎండాకాలంలో ఊరి నుంచి మా మేనత్త కొడుకు వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరం బురుజు మెట్ల మీదే ఆడుకున్నాం.

"బావా, బురుజు పగుళ్లిచ్చింది. వానలు పడకముందే సున్నం పెట్టిస్తున్న. అమ్మను జర పక్కకు పెట్టాలె."

"పని అయినంక మళ్ల ఆడనే కదా?"

"ఏంది బావా, గట్లడుగుతవు? అమ్మ ఇంకేడ కూసుంటది?"

చాయ్ తెచ్చిన మా ఆవిడ నవ్వింది. "ఆయనది ఫ్యాక్టరీ అలవాటు అన్నా. బోల్టు బిగించినంక కూడ మళ్ల తిప్పి చూస్తడు."

ఆదివారం వెళ్లాం. మా ఆవిడ బోనం ఎత్తింది. నేను కొబ్బరికాయ కొట్టి ఆ మాట అన్నాను. పసుపు రాసిన రాయిని బియ్యం గంపలో పెట్టి, వేపమండలు కప్పి, బావే నెత్తిన మోశాడు. అతని కళ్లు తడిశాయి. భక్తి అనుకున్నాను. డైరీలో కూడా అలాగే రాశాను.

సున్నం పని చూద్దామని బుధవారం వెళ్లాను. బురుజు లేదు. జేసీబీ నేల చదును చేస్తోంది. గట్టున గొడుగు కింద బావ.

"గిదేంది?"

"రోడ్డుకు అడ్డమున్నది బావా. నువ్వు ఒప్పుకోవని ఎరుక, అందుకే గట్ల చెప్పిన. పరేషాన్ గాకు, అమ్మకు గ్రానైట్ గుడి కట్టిస్తున్నరు. ఏసీ కూడ పెడ్తరట."

"మైసమ్మకు ఏసీ ఎందుకురా?"

రోడ్డు సంగతి ముందే చెప్పి ఉంటే ఆఫీసుల చుట్టూ తిరిగేవాణ్ణి, అర్జీలు పెట్టేవాణ్ణి, బహుశా ఓడిపోయేవాణ్ణి. అది వేరు. కాపలా ఉన్న అమ్మను నా నోటితోనే లేపించాడు.

ఇప్పుడు గుడి తయారైంది. అమ్మ ఇంకా బావ ఇంట్లో బియ్యం గంపలోనే ఉంది. కూర్చోబెట్టాలన్నా మా ఇంటి పెద్దే "ఇది నీ చోటు తల్లీ" అనాలి. రమ్మని బావ రోజూ ఫోన్ చేస్తున్నాడు.

"ఆయన మీది కోపం అమ్మ మీద చూపిస్తరా? ఎన్ని దినాలు గంపల ఉంటది?" అంటుంది మా ఆవిడ. ఆమె అన్నది నిజమే. కానీ ఆ గుడి అమ్మ చోటు కాదు. బావ నాతో ఆడిన అబద్ధం నేను అమ్మతో ఆడలేను. ఈ ఉదయం ఫోన్ ఎత్తి, రానని చెప్పాను.