శిక్ష అయిపోయిన మనిషి

పొద్దున ఏడింటికి బడికి తయారవుతుంటే అమ్మ ఫోన్ చేసింది. "మీ బాబాయి లేవట్లేదే" అంది. గుండె ఆగిపోయి అప్పటికే చానాసేపైందని డాక్టరు చెప్పాడట. నాకు ఏడుపు రాలేదు. ముందు భయమేసింది. ఈ సంగతి పోలీసు స్టేషన్‌లో చెప్పాలా, చెప్పకుండా దహనం చేస్తే ఏమన్నా అంటారా అని. క్రోసూరు నుంచి నకరికల్లు పక్కనున్న మా ఊరు చేరేదాకా బస్సులో అదే ఆలోచన. ఆయనతో కలిసి బతికిన ఇంటికి అబ్బే గుణం అది.

మా బాబాయి హత్య కేసులో యావజ్జీవం పడి, పద్నాలుగేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు. పంచాయతీ ఎన్నికలప్పుడు జరిగిన కొట్లాటలో అవతలి పార్టీ మనిషి ఒకడు చనిపోయాడు. "నేను చెయ్యలేదు" అని బాబాయి ఏనాడూ అనలేదు. "కర్ర నా చేతిలోనూ ఉంది" అనేవాడు, అంతే. వెళ్ళేటప్పటికి పెళ్ళి కాలేదు. వచ్చాక పిల్లనిస్తామన్నవాళ్ళు లేరు. మా నాన్న అప్పటికే పోయాడు. మా వసారాలో కుట్టుమిషన్ పెట్టుకుని, మిరపకాయలు ఆరబోసే పట్టాలు కుట్టి బతికాడు. ఆ పని జైల్లోనే నేర్చుకున్నాడు.

శిక్ష అయిపోయిందని మేమనుకున్నాం. స్టేషన్‌లో ఆయన పేరు మీద రౌడీషీటు అలాగే ఉంది. ప్రతి ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి, అలాంటివాళ్ళందరితో కలిసి నేల మీద కూర్చుని, సంతకం పెట్టి వచ్చేవాడు. ఏ ఎన్నికలొచ్చినా తహసీల్దారు ముందు నిలబెట్టి, గొడవ చెయ్యనని రాయించుకునేవారు. ఊళ్ళో ఎవరి గడ్డివామి తగలబడినా పోలీసు బండి ముందు మా గుమ్మంలో ఆగేది. అందుకని ఆయన బస్సు టికెట్లన్నీ ఒక తీగకు గుచ్చి దాచేవాడు. ఎందుకని అడిగితే, "ఏ రోజు ఎక్కడున్నావని అడుగుతారమ్మా. నా నోటిమాట చెల్లదు" అన్నాడు.

సర్కారు టీచరు ఉద్యోగానికి నేను ఎంపికైన ఏడాది ఆయన అన్నం సరిగా తినలేదు. పోలీసు వెరిఫికేషన్ మిగిలుంది. నా కాగితాల్లో తన పేరు ఎక్కడొస్తుందోనని కొన్నాళ్ళు వేరే ఊరు పోతానన్నాడు. అమ్మ పోనివ్వలేదు.

ఆ మిరప కోతల్లోనే అది జరిగింది. బాబాయీ నేనూ దారం కొనడానికి నరసరావుపేట వెళ్ళి, మధ్యాహ్నం నా స్కూటీ మీద తిరిగొస్తున్నాం. ఊరు ఇంకో రెండు మైళ్ళుందనగా రోడ్డు పక్క గుంటలో మోటారు సైకిలు పడి ఉంది. పక్కన మనిషి. తల కింద మట్టి ఎర్రగా తడిసింది. అవతలి పార్టీ పెద్దాయన అల్లుడు.

"ఆపమాకమ్మా, పోనీ" అన్నాడు బాబాయి. పోనిచ్చాను. మలుపు తిరిగాక నా భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆపు. కదిలాడు, చూశావా?"

"చూశా బాబాయ్."

"నేను దిగుతా. నువ్వు ఇంటికి పో. అంబులెన్సుకి నేనే ఫోన్ చేస్తా. ఎవరడిగినా ఇవాళ నువ్వు నాతో లేవు."

"మరి నువ్వో?"

"నాకేంది, కొత్తా? నీ కాగితాలింకా స్టేషన్‌లో ఉన్నాయమ్మా. పో."

వెనక్కి నడిచాడు. నేను బండి కదపలేక తిరిగి చూశాను. కండువా తీసి ఆ మనిషి తలకు చుట్టి, తన ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు పోనిచ్చాను.

అంబులెన్సు వెనకే పోలీసులొచ్చారు. చొక్కా నిండా నెత్తురుతో ఉన్న రౌడీషీటరును చూశాక వాళ్ళు ఇంకేమీ వెతకలేదు. సాయంత్రం కానిస్టేబుల్ మా ఇంటికొచ్చాడు. "మీ బాబాయి ఇవాళ ఎవరితో పోయాడమ్మా? నడిచొస్తన్నా అంటన్నాడు. టికెట్ కూడా లేదు."

ఆయన ఎక్కడి నుంచి వస్తున్నాడో చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. "తెలీదు సార్" అన్నాను. అమ్మ నా వైపు చూసి, పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఉంచారు. రెండో రోజు స్టేషన్ గేటు దాకా వెళ్ళాను. లోపల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు. బాబాయి గొంతు వినిపిస్తుందేమోనని భయపడి వెనక్కొచ్చేశాను. మూడో రోజు ఆసుపత్రిలో ఆ అల్లుడికి తెలివొచ్చింది. గేదె అడ్డమొచ్చి పడ్డానని చెప్పాడు. బాబాయిని పొమ్మన్నారు.

ఎడమ కాలు ఈడుస్తూ వచ్చాడు. ఏమైందని అడిగితే, "చానాసేపు కూర్చున్నా" అన్నాడు. నేను "బాబాయ్" అని ఆగిపోయాను.

"చెప్పలేదుగా?" అన్నాడు.

"చెప్పలేదు."

"మంచిపని చేశావు. చెప్పుంటే నేను అన్ని రోజులు కూర్చుంది దండగయ్యేది." నీళ్ళు తాగాడు. "భయమేసిందా?"

"వేసింది."

"నాకూ చానా వేసింది. వాడు పోతే నా మీదకొచ్చిద్దని ముందు భయపడ్డా. తల ఒళ్ళో పెట్టుకున్న కాసేపటికి, వాడు పోతాడేమో అనే భయం."

నాకు ఉద్యోగం వచ్చింది. ఆ మూడు రోజుల గురించి ఆయన మళ్ళీ మాట్లాడలేదు. నేను ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను, ఇప్పుడు కూడా భయంగానే. ఆ అల్లుడు శ్మశానానికి వచ్చాడు. మా వాళ్ళకు దూరంగా నిలబడి, చితి అంటుకున్నాక వెళ్ళిపోయాడు.

పెద్దకర్మ అయ్యాక స్టేషన్ నుంచి ఫోన్ వచ్చింది. షీటు మూసెయ్యాలి, మరణ ధ్రువీకరణ పత్రం తెచ్చివ్వమన్నారు. ఈసారి గేటు దాటి లోపలికి వెళ్ళాను. స్టేషన్ రికార్డులు రాసే రైటరు బీరువాలోంచి లావుపాటి ఫైలు తీసి, మొదటి పేజీ తిప్పాడు. దాని మీద ఫొటో అంటించి ఉంది. అరెస్టయిన రోజు తీసింది. మా ఇంట్లో ఆయన వయసులో ఉన్నప్పటి ఫొటో ఒక్కటీ లేదు. ఒత్తయిన జుట్టు, గుండీ ఊడిన గళ్ళ చొక్కా. తల ఎత్తి కెమెరా వైపు సూటిగా చూస్తున్నాడు. ఆ కళ్ళలో భయం ఎక్కడా లేదు. ఆ మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఫోన్‌లో తీసుకోవచ్చా అని అడగబోయేలోపు, రైటరు ఆ ముఖానికి అడ్డంగా ఎర్రసిరాతో రెండు గీతలు గీశాడు.