చినుకు పడకముందే బకెట్టు

నాకు పెళ్లయి ఏడాది కూడా నిండని రోజులు. టాటానగర్ రైల్వేలో పనిచేసే మావారికి ఖరగ్‌పూర్ బదిలీ అయింది. అక్కడి సోనారి పేటలోని మా పెంకుటింటిని అమ్మకానికి పెట్టాం. రెండు బేరాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోయాయి. మూడోవాళ్లు వస్తున్నారనగానే నేను పంతంకొద్దీ ఇల్లంతా సున్నం వేయించాను. వంటింటి గోడమీద వాననీటి చారలు కనపడకుండా అక్కడ ఇంకో పూత వేయించాను. మా అత్తగారు అదంతా చూస్తూనే ఉన్నారు.

సున్నం ఆరిన మర్నాటి సాయంత్రం ఆ మూడోవాళ్లు, శ్రీకాకుళంవైపు దంపతులు, వచ్చారు. వంటిల్లు చూసి ఆవిడ మురిసిపోతుండగా ఉరిమింది. అంతే, అత్తగారు బకెట్టు తెచ్చి పొయ్యి పక్కన పెట్టేశారు. అప్పటికింకా ఒక్క చినుకూ పడలేదు!

"ఇదేటి పెద్దమ్మా?" అందావిడ.

"వానొత్తే ఇక్కడ కారతాది తల్లీ. నాలుగు పెంకులు మారిత్తే సరిపోతాది."

చెప్పినట్టే కాసేపటికి బకెట్టులో టప్‌టప్‌మని చుక్కలు పడ్డాయి. నేను సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆ దంపతులు ఇల్లంతా మళ్లీ తిరిగి చూశారు. ఇంకెక్కడా చుక్క పడలేదు.

"మిగతా ఇళ్లన్నీ ఎండలో సూసినాం. ఇదొక్కటే వానలో సూసినాం. మాకిదే కావాల" అన్నాడాయన.

వాళ్లు వెళ్లాక అడిగాను. "అలవాటుకొద్దీ పెట్టేశారా అత్తయ్యా?"

"అలవాటేటి? మబ్బు సూసి పొద్దున్నే కడిగి తలుపు సాటునెట్టినాను" అన్నారావిడ.

సున్నం వేయించి ఇల్లు అమ్మేది నేనే అనుకున్నాను. అమ్మింది ఆవిడ.